ఎక్కువ సమయం తీసుకోనండి

మా ఛానెల్ మొదలైన రోజు ఫోను నిలబెట్టడానికి స్టాండు లేదు. పిన్ని ఇడ్లీపాత్రకి ఆనించి పెట్టాం. అది మూడుసార్లు జారిపడింది. మూడుసార్లూ పిన్ని వంటింట్లోంచి, "ఇడ్లీపాత్ర సొట్టపడితే మాత్రం ఊరుకోను," అని కేకేసింది. ఫోను పగిలినా ఆవిడకి పట్టింపు లేదు. ఆ కేక వీడియోలో అలాగే ఉండిపోయింది. చూసినవాళ్ళకి బాబాయి నటన కంటే ఆ కేకే ఎక్కువ నచ్చింది.

అప్పటికి నేను భీమవరంలో ఒక రొయ్యల మేత కంపెనీలో పని చేసేవాణ్ణి. బండి మీద చెరువు చెరువుకీ తిరిగి, మా మేత వేస్తే రొయ్య ఎలా ఎదుగుతుందో రైతులకి చెప్పడం ఉద్యోగం. వాళ్ళు నా మాట నమ్మేవారు కాదు గానీ, బొండం కొట్టించి ఇవ్వకుండా పంపేవారు కాదు. లాక్‌డౌన్‌లో ఆ తిరుగుడు ఆగిపోయి, ద్రాక్షారామం దగ్గరున్న మా ఊరొచ్చి పడ్డాను. ఇంట్లో బాబాయి ఉన్నాడు. నాన్న తమ్ముడు, బస్సు కండక్టరుగా రిటైరైనవాడు, కుర్రతనంలో నాటకాలు వేసినవాడు. తన మొహంలో నవ్వు కనిపించదు, ఎదుటివాళ్ళకి మాత్రం నవ్వి నవ్వి కడుపునొప్పి వస్తుంది. "రండి, రండి. తమరు ఎక్కకపోతే బస్సుకి మాత్రం కదలబుద్ధేస్తుందా అండి?" అని ఆయన అంటే, ఆలస్యంగా వచ్చినవాడు తిట్టు తిన్నాడో మర్యాద పొందాడో తేల్చుకోలేక టిక్కెట్టు తీసుకునేవాడట.

ఆ నోటినే మేం అమ్మకానికి పెట్టాం. ఏడాది తిరిగేసరికి మా వీడియోలు మా జిల్లాలు దాటి పోయాయి. నేను ఉద్యోగం మానేశాను. రాజమండ్రిలో ఒక చీరల కొట్టు మేడమీద గది తీసుకున్నాం. ఎడిటింగ్‌కి ఒక అమ్మాయిని పెట్టుకున్నాం. ఆ అమ్మాయి వీడియోలు కోసే పని చేస్తున్నానని ఇంట్లో చెప్పుకోలేక, కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెబుతున్నానని చెప్పింది. నేనూ, బాబాయీ, ఆ అమ్మాయీ: అంతే మా కంపెనీ.

నవ్వించడం వేరు, నెలనెలా నవ్వించడం వేరు. ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదు, సలహాలిచ్చేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. ఒక వీడియో పేలితే ఆ నెల పండగ, లేకపోతే ఏకాదశి. మేత అమ్మినప్పుడు కనీసం రొయ్య రోజూ తింటుందన్న నమ్మకం ఉండేది. జనం రోజూ నవ్వుతారన్న నమ్మకం ఎవడిస్తాడు? జనం మళ్ళీ మళ్ళీ వచ్చి చూడాలంటే ఒక మనిషి కావాలనిపించింది. మాట వినగానే ఫలానా అని గుర్తుపట్టే మనిషి.

ఆ మనిషి మా ఊళ్ళోనే ఉన్నారు.

మాకు తెలుగు చెప్పిన మాస్టారు ఆయన. రిటైరై చాలా ఏళ్ళయింది. మా చుట్టుపక్కల పెళ్ళి అయినా, సన్మానమైనా, లైబ్రరీకి సున్నం వేయించినా ఆయన మైకు పట్టుకోకుండా జరగదు. భుజం మీద మడత నలగని కండువా. మైకుని రెండు వేళ్ళతో తట్టి, "ఎక్కువ సమయం తీసుకోనండి," అంటారు. ఆ మాట వినగానే తెలిసినవాళ్ళు చెప్పులు వెతుక్కుంటారు. గంటకి తక్కువ ఎన్నడూ మాట్లాడలేదు. ఈలోగా షామియానా పక్కన మొదటి బంతికి ఆకులు వేస్తున్నారని గుసగుస వస్తుంది. ఇక కుర్చీలు ఒక్కొక్కటీ ఖాళీ అవుతాయి. ఆయన ఖాళీ కుర్చీలతోనూ అంతే శ్రద్ధగా మాట్లాడుతూ ఉంటారు. చిన్నప్పటినుంచీ మేమందరం అలా లేచిపోయినవాళ్ళమే.

నా చేతికి మొదటిసారి మైకు ఇచ్చింది కూడా ఆయనే. ఏడో తరగతిలో, ఆగస్టు పదిహేనుకి. మైకు అందకపోతే స్టూలు తెప్పించి ఎక్కించారు. "పూజ్యులైన" అన్నంతవరకూ వచ్చింది. ఆ తర్వాత ఒక్క ముక్క రాలేదు. ఆయన వెనక నిలబడి, నాకు మాత్రమే వినబడేలా మొత్తం ప్రసంగం అందిస్తూ వచ్చారు. చప్పట్లు నాకు కొట్టారు. వీడియోల్లో ఇవాళ నేను గొంతెత్తుతున్నానంటే దాని వేరు ఆ స్టూలు దగ్గర ఉంది. ఇది తెలిసి కూడా చేశాను కాబట్టే ఇప్పుడు రాస్తున్నాను.

కండువా కొన్నాను. బాబాయికి చూపించాను. బాబాయి కండువా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆయనకి ఒకమాట చెప్పేవా?"

"చెప్తాలే బాబాయ్."

"చెప్పి చెయ్యి. పెద్దాయన."

చెప్పలేదు. మరిచిపోయి కాదు. చెబితే వద్దంటారేమోనని. పేరు పెట్టడం లేదు కదా, ఊరు చెప్పడం లేదు కదా, ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి మాస్టారు ఉంటారు కదా అని నాకు నేనే వకీలునయ్యాను. బాబాయితో మాత్రం చెప్పేశానన్నాను.

బాబాయి మైకుని రెండు వేళ్ళతో తట్టి, "ఎక్కువ సమయం తీసుకోనండి," అనగానే వెనక కుర్చీలు గాల్లోకి లేచిపోయేలా ఆ అమ్మాయి ఎడిట్ చేసింది. మా వీడియోల్లో దేనికీ రానంత పేరు దానికి వచ్చింది. ఆ మాటని జనం ఆఫీసుల్లో వాడుకున్నారు, పెళ్ళి కార్డుల మీద వేసుకున్నారు. ఒక పచ్చళ్ళ కంపెనీవాళ్ళు ఏడాది పొడుగునా నెలకి రెండు మాస్టారి వీడియోలు కావాలన్నారు. వచ్చే నెల కూడా జీతం ఉంటుందని మాకు మొట్టమొదటిసారి తెలిసింది. ఎడిటింగ్ అమ్మాయి ఇంట్లో అసలు సంగతి చెప్పేసింది. వాళ్ళ నాన్నగారు స్వయంగా వచ్చి, గది చూసి, మాకు మామిడిపళ్ళ బుట్ట ఇచ్చి వెళ్ళారు. నేను గర్వంగానే ఉన్నాను. లేనని ఇప్పుడు బొంకను.

తర్వాత ఒకరోజు ద్రాక్షారామం బజారులో మాస్టారు ఎదురయ్యారు. తప్పించుకుపోయే సందు లేకపోయింది.

"చూశానురా. మనవరాలు చూపించింది. బాబాయి బాగా చేస్తున్నాడు. పద, కాఫీ తాగుదాం."

కాఫీ ఇప్పించారు. నా చెరువుల ఉద్యోగం గురించి అడిగారు, పిన్ని మోకాళ్ళ గురించి అడిగారు. నేను ఆ కాఫీని అనుమతి పత్రంలా తాగి ఇంటికొచ్చాను. మా వైపు మనిషికి కష్టం కలిగితే మొహమ్మీద అనడు, ఇంకాస్త మర్యాద చేస్తాడు. అది నాకు తెలియదా? ఆ గుణం మీదే మేం ఆరు వీడియోలు చేశాం.

ఆ వేసవిలో మాస్టారి స్నేహితుడు పోయారు. ఆయనా మా బళ్ళోనే లెక్కలు చెప్పేవారు. ఇద్దరూ యాభై ఏళ్ళు ఒకే అరుగు మీద పొద్దున్నే పేపరు పంచుకుని చదివినవాళ్ళు. పెద్దకర్మ రోజున షామియానా కింద సంతాప సభ పెట్టారు. నేనూ బాబాయీ వెళ్ళాం. చాలామంది పాత విద్యార్థులు వచ్చారు, వాళ్ళ పిల్లలూ వచ్చారు. మాస్టారు లేచి మైకు దగ్గరికి వెళ్ళారు. జేబులోంచి మడిచిన కాగితం తీశారు. రెండు వేళ్ళతో మైకు తట్టారు.

"ఎక్కువ సమయం తీసుకోనండి."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆపుకోబోయి ఇంకొకరు. తర్వాత నాలుగైదు వరసలు. చెడ్డగా నవ్వలేదు ఎవరూ, చేతులు అడ్డం పెట్టుకున్నారు, తలలు దించుకున్నారు. కానీ అది నవ్వు అని అందరికీ తెలుసు. ఒకరిద్దరు అలవాటుకొద్దీ ఫోన్లు పైకెత్తారు. మాస్టారు కొంచెంసేపు మైకుని చూశారు. కాగితాన్ని మళ్ళీ అదే మడతల మీద మడిచి జేబులో పెట్టుకున్నారు. స్నేహితుడి ఫోటోకి నమస్కారం పెట్టి వచ్చి కూర్చున్నారు. మాట్లాడండి మాస్టారూ అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. ఈలోపు భోజనాలకి లేవమన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బాబాయి బండి మీద వెనక కూర్చున్నాడు. కాలవ లాకుల దగ్గరికి వచ్చాక, "ఆపు," అన్నాడు.

ఆపాను.

"నువ్వాయనకి చెప్పలేదు కదూ?"

నేను కాలవకేసి చూశాను.

"ఆ కండువా నేనింక వెయ్యను."

"బాబాయ్, ఏడాది ఒప్పందం ఉంది."

"ఉండనీ. ఒరే, మనూళ్ళో వెటకారం ఆడకుండా పూట గడవదు. నేను కాదనను. కానీ ఎదురుగా ఆడతాం. నేనొకటంటాను, వాడు రెండంటాడు, ఇద్దరం టీ తాగుతాం. ఆయనకి తిరిగి ఒక మాటనే సందిచ్చేవా నువ్వు? వెనకనుంచి అంటే దాన్ని వెటకారం అనర్రా, చాడీ అంటారు."

నాకు కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి వచ్చే కోపం అందరికంటే ఎక్కువగా ఉంటుంది. నీ పెన్షన్ నీకొస్తుంది కాబట్టి నీకు ధర్మాలు గుర్తొస్తున్నాయి అన్నాను. ఆ అమ్మాయి ఇంట్లో ఏం చెబుతుంది, గది అద్దె ఎవరిస్తారు, నేను మళ్ళీ మేత బస్తాల వెంట తిరగాలా అని కాలవ గట్టు మీద అరిచాను. బాబాయి అంతా విని, "బండి తియ్యి, పిన్ని చూస్తూ ఉంటుంది," అన్నాడు. ఇంకో నటుణ్ణి వెతికి కండువా వేయించాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

రెండో రోజు తర్వాతి వీడియోకి సౌండు బాక్సులు అద్దెకి తీసుకుందామని మా ఊరి మైకుసెట్టాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన వైర్లు చుట్టుకుంటూ ఉన్నాడు.

"మాస్టారి వీడియోకేనా అండి?"

"ఆయ్."

"బాక్సులు ఇస్తాను గానీ బాబూ, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆయన మాట్లాడటం మీరు చివరిదాకా ఎప్పుడైనా విన్నారా?"

వినలేదు. ఎవరు విన్నారు గనక?

"అందుకేనండి, మీరు సగం మాస్టార్నే పట్టుకున్నారు. మైకు వాణ్ణి కాబట్టి నేను లేవడానికి ఉండదు. మొత్తం వింటాను. చివర్లో ఆయన పేర్లు చదువుతారండి. కుర్చీలు వేసిందెవరు, పందిరి కట్టిందెవరు, గాడిపొయ్యి దగ్గర నిలబడి వండిందెవరు, మంచినీళ్ళు పోసిందెవరు. ముందు రోజే వచ్చి అడిగి రాసుకుంటారు. అందరి పేర్లూ చదివి దండం పెట్టి అప్పుడు దిగుతారు. ముప్ఫై ఏళ్ళుగా మైకు కడుతున్నానండి. నా పేరు నా మైకులో వినబడింది ఆయన నోటినుంచే."

వైరు చుట్ట కొక్కేనికి తగిలించి, ఎన్ని బాక్సులు కావాలని అడిగాడు. వద్దన్నాను.

మా వీడియోల్లో చిన్నాచితకా వేషాలకి వచ్చేవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. ఒక మనిషిని అనుకరించాలంటే ముందు అతణ్ణి పూర్తిగా చూడాలి అని. కొత్తవాళ్ళకి అది పాఠంలా చెప్పేవాణ్ణి. మా ఛానెల్‌కి కూడు పెట్టిన మనిషిని నేను మొదటి బంతి వరకే చూశాను. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మాస్టారింటికి వెళ్ళాను. వరండాలో చింతపండులో గింజలు తీస్తున్నారు. పీట చూపించారు. నేను నిలబడే అన్నాను:

"మాస్టారూ, మీరు మాట్లాడటం మొదలుపెడితే ఆగని బస్సండి. ఎక్కినవాడు దిగలేడు. అందుకని మేమందరం ఎక్కకుండానే పారిపోయేవాళ్ళం. ఇది ముందు మీ ఎదురుగా అనాల్సింది. లోకమంతటికీ చెప్పి మీకు చెప్పలేదు. తప్పయిందండి."

ఆయన గింజలు పక్కకి తోశారు.

"నేను ఆగని బస్సునే. మరి నువ్వు? 'పూజ్యులైన' దగ్గర ఆగినవాడివి, ఇప్పటిదాకా కదిలావా? వెనకనుంచి తోసింది నేనేరా."

నేను నవ్వాను. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. లోపలినుంచి వాళ్ళావిడగారు కాఫీ తెచ్చారు. ఆ రోజు సభలో చదవని కాగితం నాకోసారి చూపిస్తారా అని అడిగాను. "అది వాడికి రాసిందిరా. నీకెందుకు?" అన్నారు. కోపంగా కాదు. మళ్ళీ మైకు పట్టుకోండి మాస్టారూ అన్నాను. "చూద్దాంలే," అన్నారు. మా ఊళ్ళో చూద్దాంలే అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆయన మళ్ళీ మాట్లాడితే తప్ప నా తప్పు తీరదనీ, అది నా చేతిలో లేదనీ ఇంటికొస్తూ అనుకున్నాను.

మాస్టారి వీడియోలన్నీ తీసేశాం. ఎడిటింగ్ అమ్మాయి ఒక్కొక్కటీ తీసేస్తూ, "అన్నయ్యా, ఇది కూడానా?" అని ప్రతిసారీ అడిగింది. పచ్చళ్ళ కంపెనీ యజమాని చాలా మర్యాదగా, "మీ ఇష్టమండి," అని మాతో మాట్లాడటం మానేశారు. నేను వారంలో మూడు రోజులు మళ్ళీ చెరువుల మీద పడ్డాను. ఆ అమ్మాయి సాయంత్రాలు నిజంగానే ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పింది. ఛానెల్ మూసేద్దామని నేను అనని వారం లేదు. బాబాయి మాత్రం, "బస్సు ఖాళీగా ఉందని రూటు మానేస్తారేంట్రా," అనేవాడు.

ఆ రోజుల్లోనే మాకో పద్ధతి ఏర్పడింది. ఎవరి నడకైనా, ఎవరి మాటైనా తీసుకుంటే, ముందు ఆ మనిషింటికి వెళ్ళి, పక్కన కూర్చుని, వీడియో వాళ్ళకే చూపించాలి. వద్దంటే తీసేయాలి. 'మీ ఇష్టం' అన్నా, 'చూద్దాంలే' అన్నా కూడా తీసేయాలి. ఒప్పుకుంటే, బాబాయిని వాళ్ళు తిరిగి ఒక మాట అనాలి. ఆ మాటని వీడియో చివర పెట్టాలి. మొదటగా పడవల రేవులో టిక్కెట్లిచ్చే ఆవిడ, తన నడకని బాబాయి నడిచిన వీడియో చూడగానే, "నా నడక సరే గానీ, మీరు నడుస్తుంటే చొక్కాకి మనిషిని తొడిగినట్టుందండి," అంది. జనం ఆ తిరుగు జవాబు కోసమే చివరిదాకా చూడటం మొదలుపెట్టారు. ఇదంతా ముందే ఆలోచించి చేసిన వ్యాపారం అని ఒకటి రెండు చోట్ల నా గురించి చెప్పారు. కాదు. భయంతో చేసింది.

ప్రకటనలు కూడా మెల్లగా వచ్చాయి. పెద్ద కంపెనీలవి కాదు. భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ, మండపేట దగ్గర రైసుమిల్లు, కొబ్బరి తాళ్ళు చేసేవాళ్ళు, ఒక కళ్ళజోళ్ళ కొట్టు. వీళ్ళందరూ ఎవరినీ నొప్పించని వీడియో పక్కనే తమ బోర్డు ఉండాలనుకునే మనుషులు, రేపు ఆ చూసే జనం మధ్యే కొట్టు తెరవాలి కదా. తెలివైన రొయ్యల రైతు ఒక్క చెరువు మీదే ఆశంతా పెట్టుకోడు. ఎన్నో ఏళ్ళు ఆ రైతులకి మేత గురించి పాఠాలు చెప్పిన నాకు, వాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది ఇదని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు మేం తొమ్మిదిమందిమి. ఎవరి ఇంట్లోనూ ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

పోయిన శీతాకాలం మా ఊళ్ళోనే ఒక పాత రైసుమిల్లు గొడౌను అద్దెకి తీసుకుని స్టూడియో చేశాం. ప్రారంభానికి ఊరందరికీ భోజనాలు పెట్టాం. మాస్టారిని నాలుగు మాటలు మాట్లాడమని నెల ముందునుంచీ అడిగాను. చూద్దాంలే అన్నారు. వచ్చారు. ముందు వరసలో కూర్చున్నారు. మైకు వైపు చూడలేదు. సంతాప సభ తర్వాత ఆయన ఎక్కడా మాట్లాడలేదు. మా చుట్టుపక్కల సభలన్నీ ఇప్పుడు వేళకే అయిపోతున్నాయి. అందరూ సుఖంగానే ఉన్నారు, నేను తప్ప.

అందుకని నేనే మాట్లాడాను. ముందు రోజు పొద్దుటినుంచీ తిరిగి పేర్లు రాసుకున్నాను. పందిరి కట్టినవాళ్ళు, కుర్చీలు దింపిన ఆటోవాళ్ళు, గాడిపొయ్యి దగ్గరున్నవాళ్ళు, మంచినీళ్ళు మోసినవాళ్ళు, మైకుసెట్టాయన. ఒక్కొక్క పేరే చదువుతుంటే కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మా బాబాయి కూడా లేచిపోయాడు, ఆయనకి షుగరు, తప్పదు. నా జాబితా పూర్తయ్యేసరికి మొదటి బంతివాళ్ళు చేతులు కడుక్కుంటున్నారు. ఎదురుగా మాస్టారు ఒక్కరే మిగిలారు. లేచి నా దగ్గరికి వచ్చారు.

"బాగుందిరా. కొంచెం ఎక్కువైంది."

"మీ శిష్యుణ్ణి కదండీ."

"ఒకరిని వదిలేశావు."

కాగితం మళ్ళీ చూసుకున్నాను. ఎవరూ మిగల్లేదు. ఆయన బంతి వైపు తల తిప్పారు. ఒకావిడ నడుం వంచి, వరసగా ఎంగిలాకులు ఎత్తి బుట్టలో వేసుకుంటోంది. చిన్నప్పటినుంచీ ప్రతి భోజనాల్లోనూ ఆవిణ్ణి చూస్తున్నాను.

"పేరు తెలుసా?"

నాకు తెలియదు.

మాస్టారు చెయ్యి చాచారు. మైకు ఇచ్చాను. రెండు వేళ్ళతో తట్టారు.

"ఎక్కువ సమయం తీసుకోనండి," అన్నారు.

నిజంగానే తీసుకోలేదు. ఆవిడ పేరు గారు తగిలించి చెప్పి, నమస్కారమమ్మా అని, మైకు నా చేతికిచ్చేశారు. దూరంగా ఆవిడ ఆకు చేత్తో పట్టుకునే నడుం నిటారుగా ఎత్తి, తన పేరు ఎక్కడినుంచి వచ్చిందా అని చుట్టూ చూసింది.